చద్ది పడని కంచం

జూన్ 29, ఆదివారం

మా ఆవిడ సూర్యకళ పెద్దాపురం వెళ్ళింది, వాళ్ళ చెల్లెలు వెంకటదుర్గ ఇంటికి. అక్కడ మరిడమ్మ జాతర జరుగుతోంది కదా. పది రోజులుండి వస్తుంది.

ఇది జనవరిలో ఎవరో సిమెంటు కంపెనీవాళ్ళు మా కాలవల ఆఫీసులో పంచిన డైరీ. ఇన్నాళ్ళూ బీరువా మీద ఊరికే పడి ఉంది. ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు కాబట్టి ఇందులో రాస్తున్నాను. ఎవరూ చదివేది లేదు కనుక ఉన్నదున్నట్టే రాస్తాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కంచం జారింది. మా సెక్షన్లో పనిచేసే గణేష్‌బాబుని భోజనానికి పిలిచాను, అతని ముందే జారింది. అదొక్కటే కాస్త చిన్నతనంగా ఉంది.

తప్పంతా వంకాయలది. గురువారం మార్కెట్ నుంచి నేనే తెచ్చాను, నవనవలాడుతూ ఉన్నాయి. వాటిని నాలుగు రోజులు ఫ్రిజ్‌లో దాచి, ఇంటికి మనిషి వచ్చిన రోజున గుత్తి వంకాయ పులుసు వండుతుందా? నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. నా నాలుక సంగతి ఆవిడకు ముప్ఫై రెండేళ్ళుగా తెలుసు. మా ఇంట్లో మగవాళ్ళ కంచంలో చద్ది పడదు. తాత కంచంలో పడలేదు, నాన్న కంచంలో పడలేదు. అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ వంటింటి గడప దగ్గర కూర్చుని ఇదొక్కటీ కనిపెట్టుకుని ఉండేది. ఏ పూట వంట ఆ పూటకే. ఇందులో గొప్పేమీ లేదు, మా ఇంటి పద్ధతి అది.

ఇంత చిన్న విషయానికి సంచి సర్దుకుని వెళ్ళిపోతారా ఎవరైనా? జాతరకే వెళ్ళి ఉంటుంది.

జూన్ 30, సోమవారం

పొద్దున హోటల్లో ఇడ్లీ. సాంబారు నిన్నటిది, అందులో మొన్నటిది కలిపారు. రెండు ముక్కలు తిని లేచిపోయాను. సర్వరు ఏమైందండీ అన్నాడు. నీకు తెలియదా అన్నాను.

ఆఫీసులో అందరికీ నేనే చెప్పాను, ఆషాఢం కదా, మా ఆవిణ్ణి అత్తారింటి గడప తొక్కకుండా పంపేశానని. యాభై ఏడేళ్ళవాడు కొత్త పెళ్ళికొడుకులా మాట్లాడుతుంటే అందరూ నవ్వారు. గణేష్‌బాబు మాత్రం ఫైలు చూసుకుంటూ కూర్చున్నాడు.

జులై 1, మంగళవారం

వంట ఏమంత పెద్ద విద్య కాదు. ఇవాళ సెలవు పెట్టి, ముందు ఫ్రిజ్ సంగతి చూద్దామని తలుపు తీశాను. తియ్యగానే ఒళ్ళు జలదరించింది. లోపలంతా గుడ్డపేలికలు! దొండకాయలకో గుడ్డసంచి, బెండకాయలకో సంచి, పచ్చిమిరపకాయలకో చిన్న సంచి. అన్నీ నా పాత పంచెలు చింపి కుట్టినవే. నేను కట్టి విడిచిన గుడ్డల్లో నేను తినే కూరలు పెడుతుందా ఈ మనిషి?

అక్కడితో అయిపోలేదు. కొత్తిమీర కట్టని వేళ్ళతో సహా గ్లాసుడు నీళ్ళలో నిలబెట్టి పైన ఒక కవరు బోర్లించింది. పచ్చిమిరపకాయల తొడిమలన్నీ తీసేసింది. కరివేపాకు రెమ్మల నుంచి దూసి, ఆరబెట్టి, సీసాలో పోసింది. అల్లం పెరట్లో తడి ఇసుక డబ్బాలో పాతిపెట్టి ఉంది. టమాటాలు ఫ్రిజ్‌లో లేవు, కిటికీ దగ్గర పళ్ళెంలో తొడిమవైపు కిందికి పెట్టి, ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఉన్నాయి. బంగాళాదుంపలు మంచం కింద గోనెసంచి మీద, ఉల్లిపాయలు వాటికి ఆమడ దూరాన వరండా చివర బుట్టలో. అరటిపళ్ళు ఎవరికీ అందకుండా పడకగదిలో మేకుకి వేలాడుతున్నాయి. ఈ ఇంట్లో మేము కాపురం ఉంటున్నామో కూరగాయలు ఉంటున్నాయో నాకు అర్థం కాలేదు.

అన్నీ తీసిపారేశాను. గుడ్డసంచులు మూటగట్టి చెత్తబండిలో వేశాను. ఫ్రిజ్‌ని సబ్బు నీళ్ళతో మూడుసార్లు కడిగాను. ఇప్పుడు చూడముచ్చటగా ఉంది.

జులై 2, బుధవారం

ఆఫీసు నుంచి వస్తూ మార్కెట్‌కి వెళ్ళాను. సగం సంచితో ఇంటికి రావడం మా ఇంటా వంటా లేదు. రెండు కిలోల వంకాయలు, కిలో బెండ, కిలో దొండ, రెండు సొరకాయలు, నాలుగు తోటకూర కట్టలు, కొత్తిమీర, మూడు కిలోల టమాటా, ఐదు కిలోల బంగాళాదుంప, రెండు కిలోల ఉల్లిపాయ, ఒక డజనున్నర చక్రకేళి అరటిపళ్ళు. కూరగాయ ఎంచుకోవడం నా దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. గిల్లి చూస్తాను, వాసన చూస్తాను, తొడిమ చూస్తాను.

ఇన్నాళ్ళూ సంచి తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టడంతో నా పని అయిపోయేది. ఇవాళ మిగతాదీ నేనే చేశాను. ఎందరి చేతులు తగిలి ఉంటాయో, ఎవరు ఏం ముట్టుకుని వచ్చి వీటిని ముట్టుకున్నారో! అన్నిటినీ ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో నానబెట్టి కడిగాను. బంగాళాదుంపలు కూడా మట్టి పోయేదాకా తోమాను. తర్వాత వేటికవి కవర్లలో వేసి గాలి దూరకుండా ముడివేశాను. బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించాను, బొద్దింకలు తాకకుండా. టమాటాలు, అరటిపళ్ళు ఫ్రిజ్ మీద ఒకే పళ్ళెంలో.

ఒక గంట పని. దీనికి ఆవిడ రోజంతా వంటింట్లో ఏం చేసేదో!

వంకాయ కూర చేశాను. ఉప్పు తక్కువైంది కానీ తాజాగా ఉంది. ఇద్దరికి సరిపడా వచ్చింది. మిగిలింది పారేశాను.

జులై 3, గురువారం

రెండు పూటలా వండాను. మిగిలింది పారేశాను.

జులై 4, శుక్రవారం

సొరకాయ పులుసు. ఒక సొరకాయకి ఎంత పులుసు వస్తుందో ఇవాళే తెలిసింది. మిగిలింది పారేశాను.

జులై 6, ఆదివారం

ఛీ.

కొత్తిమీర కవరు విప్పాను. ఆకు లేదు, కాడ లేదు. నల్లటి జిగురు, మురుక్కాలవ కంపు. వేళ్ళకు అంటుకుంది. సబ్బుతో నాలుగుసార్లు కడిగినా పోలేదు. తోటకూర కట్టలు నీళ్ళు కారుతున్నాయి. బెండకాయలు పట్టుకుంటే సాగుతున్నాయి, కొన్నిటి మీద తెల్లటి బూజు. నాలుగు రోజులైనా కాలేదు. మార్కెట్‌వాడు మందు కొట్టిన కూరలు అంటగట్టాడు, అంతే.

టమాటాలన్నీ ఒక్కసారిగా మెత్తబడిపోయాయి. అరటిపళ్ళకు నల్లమచ్చలు. దోమకంటే చిన్న ఈగలు గుంపుగా లేచాయి.

పక్కింటి ప్రసన్నకుమారిగారు చర్చి నుంచి వస్తూ గోడ దగ్గర ఆగారు. ఆవిడ మిషన్ స్కూల్లో టీచరు, పదిహేనేళ్ళ నుంచి మా పక్కిల్లే. 

"ఏంటండీ సత్తిరాజుగారూ, వాసన మా వరండాలోకి వచ్చేస్తోంది?"

మార్కెట్‌వాణ్ణి తిట్టి, పారెయ్యడానికి తెచ్చిన కవర్లు, టమాటాల పళ్ళెం చూపించాను. ఆవిడ కవర్లు చూసి పెదవి విరిచారు.

"కడిగేసి పెట్టారాండీ? తడి తగిల్తే ఏ కాయైనా ఆగుతుందేంటండీ? పొడిగుడ్డతో తుడిచి, నూలుగుడ్డలో పెట్టాలి. కడగడం వండే ముందండీ. ఆ అరటిపళ్ళు అక్కణ్ణించి తీసెయ్యండి ముందు, వాటి పక్కనున్నవన్నీ వాటితోపాటే పండిపోతాయి. ఇవన్నీ నాకు సూర్యకళగారే నేర్పారండీ."

మా ఆవిడ ఊరికి పాఠాలు చెబుతోందని నాకు తెలియదు. ప్రసన్నకుమారిగారు ఇంకా వెళ్ళకుండా నిలబడి అడిగారు.

"మెడ మీద తగ్గిందాండీ ఆవిడకి?"

"మెడకేమైంది?" అని లోపలికి వచ్చేశాను. పక్కవాళ్ళ సంసారాల మీద ఎంత శ్రద్ధ ఈ లోకానికి!

జులై 7, సోమవారం

చారు. మిగిలింది పారేశాను.

జులై 9, బుధవారం

ఇవాళ్టికి పది రోజులు. సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను, గాలి కోసం. పెద్దాపురం నుంచి వచ్చేవాళ్ళు దిగే రావులపాలెం బస్సు ఐదూ ఇరవైకి వస్తుంది. తర్వాతది ఆరుంబావుకి. ఏడింటికి లేచి లోపలికి వచ్చాను. గాలి లేదు.

జులై 10, గురువారం

పది రోజులని ఆవిడ అనలేదు. నేను అనుకున్నాను. ఆవిడ ఏమీ అనలేదు, చీరలు రెండు సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

ఫోన్ చేశాను. వెంకటదుర్గ ఎత్తింది.

"చెప్పండి బావగారూ."

"మీ అక్కకి ఇవ్వు."

"అక్క తీసుకుంటుందో లేదో కనుక్కుని చెప్తానండీ." ఫోన్ పక్కన పెట్టి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. "ఇప్పుడొద్దంటోందండీ."

"ఎప్పుడొస్తుందట?"

"అది మీరు నన్నడిగితే ఎలాగండీ? మీరు బాగున్నారా? తింటున్నారా?"

తింటున్నాను అని ఫోన్ పెట్టేశాను. పద్దెనిమిదేళ్ళప్పుడు నా ఎదురుగా నిలబడటానికి భయపడిన పిల్ల ఇది.

జులై 12, శనివారం

కంచం జారలేదు. తోశాను. కొంచెం గట్టిగా తోసి ఉంటాను.

జులై 13, ఆదివారం

ఫ్రిజ్‌లో మిగిలినవన్నీ బకెట్లోకి దింపాను. వంకాయలు అడుగున కుళ్ళి నీళ్ళయ్యాయి. దొండకాయలు లోపల ఎర్రగా మగ్గి పగిలాయి. నిన్నటి అన్నం, మొన్నటి పప్పు కూడా ఉన్నాయి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని చెత్తబండి దగ్గరికి మోశాను. బండితో వచ్చే పెద్దింట్లమ్మ బకెట్లోకి చూసి నోరు నొక్కుకుంది.

"ఏంటి బాబుగారండీ ఇదంతా! పది రోజుల్నించి సూత్తన్నాను, రోజూ బకెట్టుడు పారేత్తన్నారు."

"కుళ్ళిపోతే ఏం చెయ్యమంటావు, నెత్తిన పెట్టుకోమంటావా?"

"కుళ్ళిందే కాదండి, ముద్దన్నం, కూరా. అమ్మగారున్నప్పుడు మీ ఇంట్లోంచి తొక్కా తొడిమా తప్ప ఏం వొచ్చేది కాదండి. ఆరేళ్ళ నుంచీ వత్తన్నాను, ఒక్క మెతుకు సూల్లేదు. ఈ వీధి మొత్తానికి మీదే సుబ్బరవైన సెత్తండి."

చాలా సంతోషం వేసింది. పద్ధతిగల ఇల్లంటే అలా ఉంటుంది. చెత్తబండి మనిషికి కూడా తెలిసింది ఆ తేడా. ఇది సూర్యకళకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది, కానీ ఎత్తదు.

జులై 15, మంగళవారం

రెండు రోజులుగా ఇంట్లో ఏదో చచ్చిందనుకున్నాను. ఎలుకో, బల్లో. బీరువా జరిపాను, మంచం జరిపాను, అటక మీద చూశాను. ఆఫీసుకి వెళ్ళినా ముక్కులోంచి పోలేదు. ఇవాళ బంగాళాదుంపల డబ్బా మూత తీశాను.

అడుగున రెండంగుళాల నల్లటి నీళ్ళు, అందులో దుంపలు. పైపైన గట్టిగా కనిపించేదాన్ని పట్టుకుంటే వేళ్ళు లోపలికి దిగిపోయాయి. తెల్లటి పురుగులు. ఉల్లిపాయలు మొలకలొచ్చి, ఆ మొలకలు కూడా కుళ్ళాయి. చచ్చిన ఎలుక నయం. డబ్బాతో సహా పెరట్లోకి లాగేసరికి ఆ నీళ్ళు నా పంచె మీద, కాళ్ళ మీద పడ్డాయి. నూతి దగ్గరే కూలబడి రెండుసార్లు కక్కుకున్నాను. తోమి కడిగి మూత పెట్టింది నేనే. ఇందులో మార్కెట్‌వాణ్ణి అనడానికి ఏమీ లేదు.

స్నానం చేసి కూర్చున్నాక పెద్దింట్లమ్మ మాట గుర్తుకొచ్చింది. ఆరేళ్ళలో ఒక్క మెతుకు చూడలేదంది.

నేను సంచుల కొద్దీ తెచ్చేవాణ్ణి. సూర్యకళ రెండు పూటలా వండేది. పూటపూటకీ మిగులుతుంది, ఇప్పుడు నాకు తెలుసు, చిన్న గిన్నెలో వండినా మిగులుతుంది. నేను ఆఫీసు నుంచి ఎవరినైనా తీసుకొస్తానేమోనని ఆవిడ నలుగురికి వండేది. పిల్లి లేదు, కుక్క లేదు. పిల్లలు లేరు. అమ్మ పోయి ఎనిమిదేళ్ళు.

ఇంట్లో ఇద్దరమే. నేను తినలేదు.

జులై 16, బుధవారం

ప్రసన్నకుమారిగారు మొక్కలకు నీళ్ళు పోస్తుంటే గోడ దగ్గరికి వెళ్ళాను. ఎలా అడగాలో తెలియక, మా ఆవిడ మీకెప్పుడైనా కూరలవీ ఇస్తూ ఉండేదా అని అడిగాను.

"లేదండీ. నేనే ఇస్తే తీసుకునేవారు. వేడివేడిగా ఏదైనా చేస్తే గోడ మీంచి అందించేదాన్నండీ. ఇక్కడే నిలబడి తినేసి గిన్నె కడిగి ఇచ్చేసేవారు."

"ఇక్కడ నిలబడా? ఇంట్లోకి తీసుకెళ్ళచ్చుగా?"

ఆవిడ నీళ్ళ గొట్టం కింద పెట్టేశారు. "సత్తిరాజుగారూ, మాకూ మీకూ మధ్య ఉన్నది తొమ్మిదంగుళాల గోడండీ. కంచాల చప్పుడు మాకు మొదటిసారి కాదు. ఇన్నాళ్ళూ ఊరుకున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. ఆ రోజు పులుసు మెడమీంచి వీపు మీదికి కారి బొబ్బలెక్కితే మందు రాసింది నేనండీ. మీరు లోపల మీ స్నేహితుడితో మాట్లాడుతున్నారు."

లోపలికి వచ్చి డైరీ తీశాను.

రాస్తాను. ఉన్నదున్నట్టు. కంచం జారలేదు, తోయలేదు. ఎత్తి విసిరాను. సూర్యకళ మీదికే విసిరాను. వడ్డించడానికి వంగి ఉంది, తప్పుకునే వీలు లేదు. వేడి పులుసు ఆవిడ మెడ మీద పడింది, ఆవిడ అరవలేదు, గణేష్‌బాబు వైపు చూసి పమిట సర్దుకుంది. నేను గణేష్‌బాబుతో, ఏమీ అనుకోకు బాబూ, చద్ది వంకాయలు, అన్నాను. అది మొదటిసారి కాదు. అమ్మ ఉండగా ఒకసారి, అమ్మ పోయాక చాలాసార్లు. లెక్క నాకు తెలియదు, ఆవిడకు తెలిసి ఉంటుంది.

దుంపల నీళ్ళు కాళ్ళ మీద పడితే నాలుగు సబ్బులు అరగదీశాను. ఇది కడిగితే పోయే కంపు కాదు. నన్ను చూస్తే నాకే రోతగా ఉంది.

జులై 18, శుక్రవారం

ఆదివారం వెళ్ళి తీసుకొస్తాను. తప్పయిందంటాను. ఆవిడ మెత్తటి మనిషి.

జులై 20, ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాను. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు రెండు డజన్ల కర్పూర అరటిపళ్ళు కొన్నాను. రాజమండ్రి దాటాక ఎవరిదో బియ్యం బస్తా వాటి మీద పడింది. పెద్దాపురంలో దిగేసరికి సంచి అడుగున తడి. పారేసి వట్టి చేతులతో వెళ్ళాను. జాతర జనం, డప్పులు, ఎండ. దుర్గ ఇల్లు వెతుక్కుని చేరేసరికి ఒంటిగంటన్నర.

తలుపు తెరిచే ఉంది. సూర్యకళ పీట మీద కూర్చుని అన్నం తింటోంది. దుర్గ పక్కన నిలబడి వడ్డిస్తోంది. అన్నంలోంచి పొగలు వస్తున్నాయి. బీరకాయ కూర, ముద్దపప్పు, నెయ్యి. సూర్యకళ ముద్ద కలిపి, కాలుతుంటే ఊదుకుని, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకుంది.

నేను గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. ముప్ఫై రెండేళ్ళలో ఆవిడ అన్నం తింటుండగా నేను చూడలేదు. నేను తిని చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. తర్వాత వంటింట్లో ఏం జరిగేదో నాకేం తెలుసు? ఒక్కసారి తొంగి చూస్తే తెలిసేది.

నన్ను చూడగానే ఆవిడ ఎంగిలి చేత్తోనే లేవబోయింది. దుర్గ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"నువ్వు తిను అక్కా. బావగారు కూర్చుంటారు. కూర్చోండి బావగారూ, ఆ కుర్చీ లాక్కోండి."

కూర్చున్నాను. సూర్యకళ మళ్ళీ తినసాగింది. తొందరపడలేదు ఆవిడ. మజ్జిగ పోసుకుంది, ఊరమిరపకాయ కొరుక్కుంది. మెడ మీద అరచేతి వెడల్పున చర్మం నల్లగా కమిలి, అక్కడక్కడ పొర లేస్తోంది. చూపు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు.

"ఇంట్లో మిగిలినవన్నీ ఏం చేసేదానివి?" అని అడిగాను. క్షమాపణ చెబుదామని వెళ్ళినవాణ్ణి, నోట్లోంచి అదే వచ్చింది.

ఆవిడకు అర్థమైంది. ఆశ్చర్యపోలేదు కూడా.

"ఏం చేస్తానండీ? తినేదాన్ని."

"అన్నీనా?"

"పారేస్తే అత్తయ్యగారు ఊరుకునేవారా? మీ కంచంలో పడకూడదు, పెంటలో పడకూడదు. ఇంక మిగిలింది నా కంచమే కదండీ. మీకు ఇవాళ్టిది, నాకు నిన్నటిది. ఇవాళ్టిది నాకు రేపు. పుల్లబడితే కాస్త మజ్జిగ పోసుకునేదాన్ని."

"అమ్మ పోయాకైనా..."

"మీరున్నారుగా."

దుర్గ కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది. సూర్యకళ చెయ్యి తుడుచుకుంటూ కూర్చుంది. నన్ను తిట్టలేదు, ఏడవలేదు. మార్కెట్ ధరలు చెప్పినట్టు చెప్పింది.

"కూరగాయలు పాడవకుండా దాచడం నేనెందుకు నేర్చుకున్నాననుకున్నారు? మీరు సంచి నిండా తెచ్చి పడేసేవారు. ఏ కాయ మెత్తబడినా అది తినాల్సింది నేనే. పుచ్చు తీసేసి వండుకునేదాన్ని. అందుకని తుడిచేదాన్ని, ఆరబెట్టేదాన్ని, గుడ్డల్లో చుట్టేదాన్ని. ఒక్క రోజు ఎక్కువ నిలవుంటే ఆ ఒక్క రోజూ నాకు తిండి బాగుండేదండీ."

ఆ గుడ్డసంచులు చెత్తబండిలో వేసిన సంగతి చెప్పాను. అవునా అంది, అంతే.

"తప్పయింది కళా," అన్నాను. "విసిరాను. జారలేదు. ఇంకెప్పుడూ జరగదు. ఇంటికి వచ్చెయ్. కలిసే తిందాం. నువ్వు ఏది పెడితే అది తింటాను."

లోపల్నించి దుర్గ వచ్చింది. "బావగారూ, భోంచేద్దురు రండి. బీరకాయ కూర అయిపోయిందండీ, మీరొస్తారని తెలియదు. నిన్నటి బెండకాయ పులుసుంది. వెయ్యమంటారా, పది నిమిషాలు ఆగితే ఏదైనా చెయ్యనా?"

ఆ పిల్ల కావాలని అందో మామూలుగా అందో తెలియదు. నిన్నటిదే వెయ్యమన్నాను. పీట మీద కూర్చున్నాను. పులుసు చల్లగా ఉంది, బెండకాయలు మెత్తబడి విడిపోయాయి. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగలేదు. నీళ్ళు తాగి దింపాను. రెండో ముద్ద. మూడో ముద్ద. నుదుటి మీద చెమట పట్టింది. సూర్యకళ చూస్తూ కూర్చుంది. నేను తింటున్నది ఆవిడ చూడాలని తిన్నాను, ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను.

కంచం ఖాళీ అయ్యాక తలెత్తి చూశాను. ముప్ఫై రెండేళ్ళు కాపురం చేసిన పెళ్ళాం, నా ముఖం చూస్తే నాకేం కావాలో తెలిసిపోతుంది.

"అలా బలవంతాన తినకండి," అంది. "మీరు తిన్నారని నేను రాను."

"మరి ఎప్పుడొస్తావు?"

"ఇక్కడ నాకు వేడిగా పెడుతున్నారండీ."

నాలుగింటి బస్సుకి దుర్గ భర్త స్కూటర్ మీద దింపాడు.

జులై 21, సోమవారం

ఆఫీసుకి వెళ్ళలేదు. వంకాయ కూర వండుకున్నాను. సగం తిన్నాను, సగం మిగిలింది.

జులై 22, మంగళవారం

పొద్దున నిన్నటి కూర, నిన్నటి అన్నం తిన్నాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు. అన్నం గింజ గట్టిపడింది, కూర మీద నూనె పేరుకుంది, పులుపు వాసన తగిలింది. మూడో ముద్దకి వెగటు పుట్టి కంచం పక్కకి జరిపాను. కాసేపు కూర్చుని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాను.

ఆవిడకు కూడా ఇలాగే వెగటు పుట్టి ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళలో ఒక్క పూట కూడా ఆ సంగతి నాకు తోచలేదు.